దసరాకి కొన్న ఎస్‌ఎస్‌డి

సెప్టెంబర్ 22, సోమవారం
బీపీ 158/98

డాక్టర్ రాయమంది. అరవాలనిపించినప్పుడు అరవకుండా ఒక పుస్తకంలో రాసుకోవాలట. అలా చేస్తే మాత్ర డోసు పెంచక్కర్లేదట. ఆ అమ్మాయికి ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. నాకు కోపం ఎక్కువని ఆవిడకెవరు చెప్పారు? ఇంకెవరు, మా ఆవిడ శ్యామసుందరే. పక్క కుర్చీలో కూర్చుని, "హీ గెట్స్ యాంగ్రీ ఫర్ స్మాల్ స్మాల్ థింగ్స్, డాక్టర్" అని కట్టుకున్న మొగుడి మీద చాడీలు చెప్పింది.

సరే, రాస్తాను. ఈ మెల్‌బోర్న్‌లో ఒళ్ళు మండడానికి కారణాలు కరువా?

ఇవాళ్టి కారణం స్టోరేజి. మా తన్మయి పన్నెండో క్లాసు. మీడియా అని ఒక సబ్జెక్టు తీసుకుంది. దానికోసం అయిదు నిమిషాల సినిమా తీసి అక్టోబర్ 16న స్కూల్లో ఇవ్వాలి. ఫిబ్రవరి నించి తీస్తూనే ఉంది. "దేని గురించమ్మా?" అంటే "స్టఫ్, నాన్నా" అంటుంది. ఆ స్టఫ్‌తో లాప్‌టాప్ నిండిపోయింది. ఇదివరకు క్లౌడ్‌లో దాచుకునేది. పోయిన నెల నేనే దాన్ని కాన్సిల్ చేయించాను. మన వీడియోలు వాళ్ళింట్లో పెట్టుకున్నందుకు నెలనెలా అద్దె కట్టాలట! దోపిడీ.

ఇప్పుడు వాళ్ళ టీచర్ ఫలానా కంపెనీ ఎస్‌ఎస్‌డి, అంటే ఫైళ్ళు దాచుకునే డ్రైవ్, కొనుక్కోమని లిస్టు ఇచ్చింది. సాయంత్రం పెద్ద షాపుకి వెళ్ళి చూశాం. అరచేతిలో ఇమిడే రేకు బిళ్ళ. దాని ధర చూస్తే కళ్ళు బైర్లు కమ్మాయి. అక్కడి కుర్రాడు, "ఇట్స్ ది ప్రో వెర్షన్, మేట్" అన్నాడు. ఇరవై రెండేళ్ళు స్టోరేజి సర్వర్లతో కాపురం చేసినవాణ్ణి నేను. లోపల ఏముంటుందో, దానికెంత అవుతుందో వాడు నాకు చెప్తాడా? "ఇది దోపిడీ కాదా?" అని అడిగాను. గట్టిగా అడిగాననుకుంటా, పక్కన టీవీలు చూసుకుంటున్నవాళ్ళు కూడా తిరిగారు. తన్మయి మాత్రం ఫోన్ ఎత్తి నన్నే వీడియో తీస్తోంది. ఎప్పుడు చూడు అదే పని.

ఆఫీసు సంగతి ఇందులో రాయను. డాక్టర్ అడిగినా రాయను.

సెప్టెంబర్ 27, శనివారం

ఫుటీ, అదే వీళ్ళ ఫుట్‌బాల్, గ్రాండ్ ఫైనల్. మా పాయింట్ కుక్‌లో ఒక్క కారు లేదు రోడ్డు మీద. ఊరంతా టీవీల ముందుంటే నేనూ తన్మయీ వెరిబీ వైపు ఒక చిన్న కంప్యూటర్ షాపుకి వెళ్ళాం. టైర్ల షాపుకీ పెయింట్ గోడౌన్‌కీ మధ్య ఇరికించినట్టుంది. మన తెలుగతనే. పేరు పాండురంగ. జనగామ దగ్గరి నించి చదువుకోడానికొచ్చి, టాక్సీ నడిపి, ఇప్పుడు ఈ షాపు పెట్టుకున్నాడు.

"ఎంత స్పేస్ కావాలన్నా?" అన్నాడు.

"స్పేస్ సంగతి తర్వాత, ముందు ఇది ఒరిజినలేనా?"

"ఒరిజినలే అన్నా. పేరు లేని కంపెనీ, గంతే. డబ్బాల నించి తీసి నీ ముంగటనే టెస్ట్ జేస్త."

చేశాడు. కాపీ స్పీడూ, కెపాసిటీ అన్నీ దగ్గరుండి చూశాను. నేనే రెండుసార్లు చేయించాను. పెద్ద షాపులో చెప్పినదాంట్లో సగం కూడా లేదు. "నాన్నా, మిస్ సెడ్ గెట్ ది అదర్ వన్" అని తన్మయి గొణిగింది. "మీ మిస్‌కి ఏం తెలుసు?" అన్నాను. బేరం ఆడుతున్నంతసేపూ మళ్ళీ ఆ కెమెరా నా మొహం మీదే.

చాలా రోజుల తర్వాత మంచి పని చేసినట్టనిపించింది.

సెప్టెంబర్ 28, ఆదివారం

తన్మయి ఫైళ్ళన్నీ కొత్తదాంట్లోకి ఎక్కించింది. కాపీ చెయ్యబోతుంటే మూవ్ చెయ్యమన్నాను. ఒకే సామాను రెండు గదుల్లో ఎవరైనా పెట్టుకుంటారా? లాప్‌టాప్ ఖాళీ అయి రయ్యిమని పనిచేస్తోంది.

అక్టోబర్ 1, బుధవారం
బీపీ 140/90

మహర్నవమి. ఆయుధ పూజ.

తెనాలిలో మా నాన్న కుట్టుమిషన్‌కీ, కత్తెరకీ, టేపుకీ చేసేవాడు. ఇక్కడ నేను కారుకీ, గడ్డికోసే మిషన్‌కీ, డ్రిల్లుకీ, లాప్‌టాప్‌కీ చేస్తాను. పొద్దున్నే గరాజ్ కడిగి, పీట వేసి, పసుపు గుడ్డ పరిచాను. బయట ఒకటే చలిగాలి, వాన తుంపర. కారు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టాను.

ప్రతి ఏడూ పీట మధ్యలో ఆఫీసు లాప్‌టాప్ ఉండేది. పద్నాలుగేళ్ళు. ఈసారి ఆ చోటు బోసిగా ఉంది. ఎస్‌ఎస్‌డి తెచ్చి అక్కడ పెట్టాను. ఎంతైనా అదీ మన వృత్తి వస్తువే.

శ్యామ చూసి, "డబ్బాకి పెట్టండి బొట్టు, చాలు" అంది.

"డబ్బాకి పెట్టడమేంటి? కత్తికి పెడతారా, ఒరకి పెడతారా?" అన్నాను.

వెండి గిన్నెలో కుంకుమ తడిపాను. నీళ్ళు కాస్త ఎక్కువయ్యాయి, పర్లేదు. నున్నటి నల్ల రేకు. పెట్టిన బొట్టు నిలవక కిందికి జారింది. మళ్ళీ పెట్టాను. గంధం కూడా పూశాను. ఏడాదికోసారి చేసే పని, పీనాసితనం దేనికి? మూడు చామంతులు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, హారతిచ్చాను. పీట మీద నిలబెట్టే ఉంచాను, రేపు ఉద్వాసన చెప్పేదాకా.

తన్మయి ఫోన్‌లో తీస్తూనే ఉంది. "ఆ ఫోన్ పక్కన పెట్టి దణ్ణం పెట్టుకోవే" అన్నాను. పెట్టుకుంది, ఒక చేత్తో.

అక్టోబర్ 2, గురువారం

దసరా. డ్రైవ్ బ్రహ్మాండంగా పనిచేస్తోంది. కాస్త వేడెక్కుతోందట. కొత్తది కదా.

అక్టోబర్ 4, శనివారం
బీపీ 171/104

పోయింది.

మధ్యాహ్నం తన్మయి కిందికొచ్చి, లాప్‌టాప్ నా ముందు పెట్టి, "నాన్నా, ఇట్స్ నాట్ షోయింగ్ అప్" అంది. తీసి పెట్టాను. వేరే కేబుల్ పెట్టాను. శ్యామ లాప్‌టాప్‌కి పెట్టాను. నా పాతదానికి పెట్టాను. లైటు లేదు, చప్పుడు లేదు, చచ్చిన చేపలాగా పడుంది. నాలుగు గంటలు కూర్చున్నాను. ఇరవై రెండేళ్ళలో నేర్చుకున్నవన్నీ చేశాను.

ఏమనుకుంటున్నాడు వాడు? మనవాడు కదా అని నమ్మి వెళ్తే చెవిలో పువ్వు పెడతాడా? వారం తిరక్కుండా పోయే సరుకు అంటగడతాడా, అదీ చదువుకునే పిల్లకి? ఎనిమిది నెలల కష్టం అది! వాన్లో, ఎండలో, రైలు స్టేషన్లో, ఎక్కడపడితే అక్కడ నిలబడి తీసుకుంది. ఇంక పన్నెండు రోజులుంది ఇవ్వడానికి. ఆ సబ్జెక్టులో మార్కులు పోతే తను కోరుకున్న యూనివర్సిటీ సీటు పోతుంది. ఎవడిస్తాడు తిరిగి? ఆ పాండురంగ ఇస్తాడా?

స్కూల్ కెమెరా కార్డులు ఎప్పుడో చెరిపేసి వాడుకున్నారట. ఆగస్టులో టీచర్‌కి పంపిన రెండు నిమిషాల ముక్క ఒక్కటే మిగిలింది.

తన్మయి ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. నా వైపు ఒకసారి చూసింది. "ఇట్స్ ఫైన్" అని పైకెళ్ళి తలుపేసుకుంది. ఏడ్చినా బాగుండేది.

శ్యామ వచ్చి, "ఏం చేశారు దాన్ని?" అంది. నేనేం చేశాను! పూజ తర్వాత రెండ్రోజులు పనిచేసిందిగా? పనిచేసిందా లేదా? పనిచేసింది.

అక్టోబర్ 5, ఆదివారం

ఎండాకాలం టైమని గడియారాలు గంట ముందుకి జరిపారు. ఉన్న పదకొండు రోజుల్లోంచి ఒక గంట అదీ లాక్కున్నారు.

షాపు మూసి ఉంది. మన వాట్సాప్ గ్రూప్‌లో పెట్టాను. మూడొందల కుటుంబాలున్నాయి అందులో. ఇక్కడ కూడా రాసి ఉంచుతున్నాను, రేపెవరైనా నేను తప్పుగా రాశానంటే చూపించడానికి.

"అందరికీ నమస్కారం. వెరిబీ వైపు పాండురంగ అనే అతను నడిపే కంప్యూటర్ షాపులో ఎవరూ ఏమీ కొనకండి. నకిలీ ఎస్‌ఎస్‌డి అమ్మి మా అమ్మాయి ఏడాది కష్టం బూడిదలో పోశాడు. మనవాళ్ళే మనవాళ్ళని ముంచుతున్నారు. ఇట్లు, చలపతి, ఐటీ రంగంలో 22 ఏళ్ళ అనుభవం."

సాయంత్రానికి నలభై మూడు బొటనవేళ్ళు, పదకొండు కోపం మొహాలు. గ్రూప్‌లో ఉండే భానుప్రసాద్ ఫోన్ చేసి, "బాగా గడ్డి పెట్టావ్ చలపతీ, ఇలాంటోళ్ళని వదలకూడదు" అన్నాడు. ఎన్నాళ్ళయిందో నాకెవరైనా ఫోన్ చేసి.

"నకిలీ అని మీకెలా తెలుసు? దగ్గరుండి టెస్ట్ చేయించుకున్నానన్నారుగా?" అంది శ్యామ. ఇంట్లోనే శత్రువులుంటే బయటివాళ్ళెందుకు?

అక్టోబర్ 6, సోమవారం

షాపు తెరవగానే వెళ్ళాను. తన్మయి స్కూలుకెళ్ళిపోయింది, రమ్మంటే రాలేదు. షాపులో ఇద్దరు కస్టమర్లున్నారు. మంచిదే, వాళ్ళూ వింటారని గొంతు తగ్గించలేదు.

"ఏవయ్యా పాండురంగా! నేను వెర్రివాణ్ణిలా కనబడుతున్నానా నీకు?"

"కూసో అన్నా. గ్రూప్‌ల వెట్టినవంట గదా, పొద్దుగాల్నించి ఒకటే ఫోన్లు."

"పెడతాను! ఇంకా పెడతాను! కన్స్యూమర్ లా అని ఒకటుంది ఈ దేశంలో, తెలుసా?"

"ఎర్కనే అన్నా. గది ఇటియ్యి. తెరిచి చూస్త. రెండు దినాలు టైమియ్యి."

ఎదురు మాట్లాడితే నాలుగు కడిగేసేవాణ్ణి. వాడు మాట్లాడందే! కస్టమర్లిద్దరూ ఏమీ కొనకుండానే వెళ్ళిపోయారు. పాండురంగ వాళ్ళు వెళ్ళిన గుమ్మం వైపు చూశాడు, మళ్ళీ డ్రైవ్ వైపు చూశాడు. వేలితో పోర్టు దగ్గర తుడిచి, ఆ వేలు చూసుకున్నాడు.

అక్టోబర్ 7, మంగళవారం

ఏమీ లేదు రాయడానికి.

అక్టోబర్ 8, బుధవారం

పాండురంగ ఫోన్ చేశాడు. వెళ్ళాను.

బల్ల మీద డ్రైవ్ పొట్ట చీల్చి పెట్టాడు. పైన భూతద్దం, దాని చుట్టూ లైటు. "చూడన్నా" అన్నాడు. చూశాను. కేబుల్ గుచ్చే రంధ్రంలో, పక్కనున్న సన్నటి లోహపు కాళ్ళ మధ్యలో ఎర్రగా ఏదో ఎండిపోయి ఉంది. దాని వెనక ఒక చిప్పు నల్లగా కాలిపోయింది.

"గీ ఎర్రగున్నది ఏందన్నా?"

"నాకేం తెలుసు? ఫ్యాక్టరీలో పూసిన గ్రీజేమో."

నేనే అన్నాను ఆ మాట. నా నోటితోనే. గ్రీజేమో అన్నాను.

వాడు నా మొహంలోకి ఒక్క క్షణం చూశాడు. నేను తల తిప్పుకున్నాను. గోడ పక్కన కొత్త కంప్యూటర్ల అట్టపెట్టెలు వరసగా పేర్చి ఉన్నాయి. ప్రతి పెట్టె మీదా పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి ఉంది. పెట్టెల మీద. పొడి కుంకుమ. ఆ పెట్టెల మీద నిమ్మకాయ కూడా ఉంది, ఎండిపోయి.

"మేం డబ్బాలకే వెడ్తం అన్నా" అన్నాడు పాండురంగ, నేనేమీ అడక్కుండానే. "లోపట కరెంటు పారేటిదాన్కి తడి తగలొద్దు గదా."

లోపలున్నది తీయడానికి వీలవుతుందా అని అడిగాను. సిడ్నీలో ఒక లాబ్ ఉందట. ఆరు వారాలు పడుతుందట, వస్తుందన్న నమ్మకం లేదట. పదహారో తారీఖు ఎనిమిది రోజుల్లో ఉంది.

తర్వాత వాడు షెల్ఫ్‌లోంచి కొత్త డ్రైవ్ తీసి నా ముందు పెట్టాడు. "తీస్కపో అన్నా. పైసలేం వద్దు. దుకాణం పేరు ఖరాబైతుంది, పిల్లలున్నోణ్ణి. గ్రూప్‌ల ఒక్క మాట వెట్టు, మాట్లాడుకున్నమని."

తీసుకున్నాను.

అక్టోబర్ 9, గురువారం

గెలిచాను. కొట్లాడితే న్యాయం జరుగుతుంది ఈ దేశంలో. కొత్త డ్రైవ్ డైనింగ్ టేబుల్ మీద పెట్టాను. తన్మయి దాన్ని ముట్టుకోలేదు. భోజనం చేస్తూ దాని పక్కనించే చెయ్యి చాచి పచ్చడి సీసా అందుకుంది.

గ్రూప్‌లో ఇంకా ఏమీ పెట్టలేదు. పెడతాను. తొందరేముంది.

గ్రీజు కూడా అయ్యుండొచ్చు.

అక్టోబర్ 11, శనివారం

ఇది రాయాలా వద్దా అని పొద్దుట్నించి అనుకుంటున్నాను. ఎవరూ చూడని పుస్తకంలో కూడా రాయడానికి మొహమాటపడుతున్నానంటే నాకంటే పిరికివాడు లేడు.

తన్మయి లైబ్రరీకి వెళ్ళింది. శ్యామ ఒక నల్ల ఫైలు తెచ్చి నా ముందు పెట్టింది. "సినిమాతో పాటు దీన్ని కూడా స్కూల్లో ఇవ్వాలట. చదవండి. నేను చెప్తే మీకు కోపం" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

సినిమా ప్లాను. మొదటి పేజీలో పేరు రాసుంది: దోపిడీ. ఆ ఒక్క మాటా తెలుగులో, వంకర అక్షరాలతో. మిగతాదంతా ఇంగ్లీషు.

పాత్ర: మా నాన్న. వయసు 52. లొకేషన్లు: కారు, గరాజ్, షాపులు, సోఫాలో ఫోన్ పక్కన.

పేజీల నిండా నా బొమ్మలు. పెన్సిల్‌తో గీసింది. పెట్రోల్ బంకులో వేలు చూపిస్తూ నేను. కస్టమర్ కేర్‌తో మాట్లాడుతూ నిలబడ్డ నేను. టమాటాల ధర చూస్తూ నడుం మీద చెయ్యేసుకున్న నేను. స్టఫ్ అంటే నేనట! ఎనిమిది నెలల్నించి అది తీస్తున్నది నన్ను. ఒక పేజీలో, "నాన్న నవ్వేది గెలిచినప్పుడే. కట్ చెయ్యొద్దు" అని రాసుకుంది.

చివరి పేజీ ఆగస్టులో మార్చి రాసిందట. దాన్ని తెలుగులో రాసుకుంటున్నాను, తెలుగులో అయితే కాస్త తక్కువ తగులుతుందేమోనని. తగ్గలేదు.

"మా నాన్న చిన్నవాటి మీదే కోప్పడతాడు. జులైలో ఆయన ఉద్యోగం పోయింది. పద్నాలుగేళ్ళు పనిచేసిన కంపెనీ. ఆ లెటర్ అమ్మ చూసేలా టేబుల్ మీద పెట్టి, ఇంటర్నెట్ స్లోగా ఉందని వారం రోజులు ఫోన్లో పోట్లాడాడు. ఉద్యోగం గురించి ఇప్పటిదాకా ఒక్క మాట అనలేదు. నా సినిమా చివర్లో ఒక ప్రశ్న అడగాలి. అడగాలంటే భయంగా ఉంది."

మొదట ఒళ్ళు మండింది, ఇది రాస్తున్నాను కాబట్టి నిజమే రాయాలి. ఇంటి గుట్టు స్కూల్లో పెడుతుందా అని. ఆ ఫైలు టీచర్ చదివింది కదా, తల కొట్టేసినట్టయింది. తర్వాత ఆ మంట ఎటు పోయిందో పోయింది. దాని కింద ఇంకేదో ఉంది. దానికి బీపీ మిషన్ పనికిరాదు.

కుంకుమే. గ్రీజు కాదు. పోయిన శనివారం మధ్యాహ్నం లైటు రానప్పుడే తెలుసు నాకు. బొట్టు జారుతుంటే చూశాను, మళ్ళీ పెట్టాను, ఇంకాస్త పెట్టాను. పీట మీద ఆఫీసు లాప్‌టాప్ లేదన్న సంగతి నాకు కనపడకూడదని పెట్టాను. ఆఫీసులో మూడు కాపీలుంటే తప్ప ఎవర్నీ ఒక్క ఫైలు చెరపనిచ్చేవాణ్ణి కాదు నేను. నా కూతురికి మాత్రం మూవ్ చెయ్యమన్నాను. క్లౌడ్ తీయించిందీ నేనే. ఒక్కొక్క తలుపూ నేనే మూసి, ఇప్పుడు దొంగ దొంగ అని ఊరంతా చాటింపు వేశాను. జనగామ నించొచ్చి, టాక్సీ నడిపి షాపు పెట్టుకున్నవాడి మీద.

పైగా వాడి డ్రైవ్ ఒకటి ఉత్తినే తెచ్చుకున్నాను. ఇన్నేళ్ళుగా నేను దోపిడీ దోపిడీ అని అరిచేది దేన్ని మరి?

అక్టోబర్ 12, ఆదివారం

పొద్దున్నే తన్మయి గది తలుపు కొట్టాను. మంచం మీద కూర్చుని లాప్‌టాప్‌లో ఆ రెండు నిమిషాల ముక్కనే అటూ ఇటూ కోస్తోంది. నాలుగు రోజులుంది.

"తల్లీ, నీ డ్రైవ్ పాడు చేసింది నేనే. కుంకుమ నీళ్ళు లోపలికి పోయాయి" అన్నాను. ఇంకా చాలా చెప్పాలనుకుని వెళ్ళాను. అంతే వచ్చింది.

"ఐ నో, నాన్నా."

"ఎప్పుణ్ణించి?"

"పోయిన వారం, డ్రైవ్ పోయిన శనివారం నించి." ఆ మాట తెలుగులోనే అంది. దిండు పక్కనించి ఫోన్ తీసి చూపించింది. ఆయుధ పూజ రోజు తీసిన వీడియో. ఫోన్‌లోనే ఉండిపోయింది కాబట్టి బతికింది. గరాజ్‌లో నేను, బట్టతల మీద లైటు పడుతూ. వేలు ముంచి బొట్టు పెడుతున్నాను, అది జారుతోంది, మళ్ళీ ముంచుతున్నాను. పెదాలు కదులుతున్నాయి. సౌండ్ పెంచింది. నాకు గుర్తే లేదు ఆ మాట అన్నట్టు: "నువ్వన్నా నన్ను వదిలిపెట్టకు నాయనా." ఆ రేకు బిళ్ళతో అంటున్నాను.

ఆ ఫోన్ తన చేతికి తిరిగిచ్చాను.

"మరి నాకెందుకు చెప్పలేదే? ఊరంతా ఆ పాండురంగని తిడుతుంటే చూస్తూ కూర్చున్నావా?"

"నువ్వు చెప్తావని వెయిట్ చేశాను" అంది. అప్పుడు ఏడ్చింది, ఎనిమిది రోజుల తర్వాత. చిన్నప్పటిలాగే, చప్పుడు లేకుండా, ముక్కు ఎర్రగా చేసుకుని. "ఇట్ వజ్ మై హోల్ ఇయర్, నాన్నా. ఐ వజ్ సో యాంగ్రీ విత్ యూ."

"తిట్టు" అన్నాను.

"నాకు తిట్లు రావు తెలుగులో" అంది.

నేర్పిస్తానన్నాను. ఏడుపులో నవ్వింది. ఆ తర్వాత కళ్ళు తుడుచుకుని, రేపు పాండురంగ షాపుకి వెళ్దామా అని అడిగింది. కెమెరాతో.

"అవసరమా?" అన్నాను. ఊరికే చూసింది. నాకు తెలుసు ఆ చూపు, మా అమ్మది.

అక్టోబర్ 13, సోమవారం

స్కూలు అవగానే ఎక్కించుకుని వెళ్ళాను. పాండురంగ ఒక్కడే ఉన్నాడు షాపులో. ఉత్తినే తెచ్చుకున్న డ్రైవ్ కౌంటర్ మీద పెట్టాను.

"పాండురంగా, ఆ ఎర్రది కుంకుమ. నేను పెట్టిందే. ఆ రోజు నీ ముందు అబద్ధమాడాను. గ్రూప్‌లో రాసింది కూడా తప్పు. క్షమించయ్యా."

"నాకెర్కనే అన్నా. పోయిన సోమవారమే ఏలుకంటింది. వాసన గూడ వట్టింది."

"తెలిస్తే గ్రూప్‌లో పెట్టలేకపోయావా? నీ వ్యాపారం పోతుంటే?"

"ఏమని వెట్టాలె? పూజ జేసి పాడు జేసిండని ఊరందరి ముంగట ఎట్ల జెప్తనన్నా? దేవుని పని గదా. నువ్వే అంటవనుకున్న."

వీడూ నేనే చెప్తానని ఎదురుచూశాడట! ఎవరి నోట్లోంచో రావలసిన మాట కోసం ఇంతమంది కాచుకుని కూర్చోవడం ఏమిటి?

అక్కడే నిలబడి గ్రూప్‌లో పెట్టాను. "పాండురంగ అమ్మిన ఎస్‌ఎస్‌డి అసలైనదే. ఆయుధ పూజలో నేను తడి కుంకుమ పెట్టడం వల్ల పాడైంది. తప్పు పూర్తిగా నాది. అతను నిజాయితీపరుడు, అతని దగ్గరే కొనండి. చలపతి." అయిదు గంటలకి చూస్తే మూడు బొటనవేళ్ళు. మూడు! అబద్ధానికి నలభై మూడు, నిజానికి మూడు. వీళ్ళా మనవాళ్ళు? భానుప్రసాద్ అయితే నవ్వి నవ్వి కన్నీళ్ళొస్తున్న మొహం పెట్టాడు.

డబ్బులిచ్చి అదే డ్రైవ్ కొన్నాను. పాండురంగ కౌంటర్ కింద నించి భరిణె తీసి, డబ్బా మీద పొడి కుంకుమ చిటికెడు అద్ది, తన్మయి చేతికిచ్చాడు. "డబ్బా దాస్కో బిడ్డా" అన్నాడు. అదంతా తీసుకుంది కెమెరాలో.

కార్లో కూర్చున్నాం. స్టార్ట్ చెయ్యబోతుంటే, "ఆగు నాన్నా" అంది. కెమెరా డాష్‌బోర్డ్ మీద సర్దింది, నా మొహం కనపడేలా. నాకు తెలుసు ఏం అడగబోతోందో. చదివానుగా. అద్దంలోంచి టైర్ల షాపు వైపు చూస్తూ కూర్చున్నాను.

కెమెరాని మళ్ళీ మళ్ళీ సర్దింది. దానికీ భయమే పాపం. చివరికి తెలుగులో అడిగింది, ఒక్కొక్క మాటా వెతుక్కుంటూ.

"నాన్నా... నీకు ఎవరి మీద కోపం?"

ఎవరి మీదనో చెప్పడానికి చాలా పేర్లున్నాయి నా దగ్గర. పద్నాలుగేళ్ళ తర్వాత పావుగంట మీటింగ్ పెట్టి లాప్‌టాప్ టేబుల్ మీద వదిలి వెళ్ళమన్న మేనేజర్ పేరుంది. నా సీట్లో వచ్చినవాడి పేరుంది. ఇంటర్వ్యూకి పిలిచి మళ్ళీ ఫోన్ చెయ్యనివాళ్ళ పేర్లున్నాయి. నోరు తెరిస్తే అవేవీ రాలేదు.

"నా ఉద్యోగం పోయిందమ్మా" అన్నాను.

శ్యామకి చెప్పలేదు ఈ మాట. మా అన్నయ్యకి చెప్పలేదు. ఈ పుస్తకానికి కూడా చెప్పలేదు. మూడు నెలల తర్వాత, వెరిబీలో ఒక పార్కింగ్‌లో, కెమెరాకి చెప్పాను. కళ్ళు మూసుకున్నాను. తన్మయి నా భుజం మీద చెయ్యేస్తుందనుకున్నాను.

వేసింది కూడా. కాసేపాగి, చాలా మెల్లగా అంది.

"సారీ, నాన్నా. ట్రక్కు వెళ్ళింది, వినపడలేదు. ఇంకోసారి చెప్తావా?"

ఒళ్ళు మండింది! బతుకులో ఒక్కసారి చెప్పే మాట అది, రెండో టేకా? ఈ దేశంలో ట్రక్కులకి వేరే రోడ్డే లేదా? నోటికొచ్చినట్టు తిట్టాను ఆ ట్రక్కుని. తన్మయి తీస్తూనే ఉంది.

తర్వాత గొంతు సవరించుకుని ఇంకోసారి చెప్పాను. రెండోసారి అంత కష్టంగా లేదు.